చేతికి అందే అనాటమీ కావాలి

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకాన్ని మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టింది. బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చివ్వడంతో పాటు, మంచాన పడ్డవాళ్లకు ఇంట్లోనే ఫిజియోథెరపీ చేయడమూ అందులో భాగం. పథకం మాట వస్తే మాత్రల సంగతే ఎక్కువగా వినబడుతుంది. నన్ను ఆలోచింపజేసేది ఆ ఫిజియోథెరపిస్టు పని. ఆస్పత్రిలో అయితే అడగడానికి పెద్ద డాక్టరు ఉంటారు, చూసుకోవడానికి ఎక్స్‌రే ఉంటుంది. కావేరిపట్టణం పక్క పల్లెలో, పక్షవాతంతో పడుకున్న పెద్దాయన మంచం దగ్గర ఆమెకు తోడుండేవి తన చేతులు, చదువుకున్న అనాటమీ, సంచిలోని ఫోను. ఆ ఫోనులో దొరికే అనాటమీ పాఠాలు ఆమె పనిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. వాటిని మార్చుకోవలసిన అవసరం ఉంది.

పక్షవాతం వచ్చిన భుజాన్నే తీసుకుందాం. చేతిని తలపైకి ఎత్తినప్పుడు భుజం కీలుతో పాటు వీపు మీది రెక్క ఎముక కూడా తిరగాలి. 1944లో అమెరికాలో ఇన్‌మన్ బృందం వేసిన లెక్క ప్రకారం మొత్తం 180 డిగ్రీల్లో సుమారు 120 కీలు వంతు, 60 రెక్క ఎముక వంతు. దండచేయి ఎముక బయటివైపుకు తిరగకపోతే దాని తల మీది బొడిపె పైనున్న ఎముక కప్పుకు తగిలి, మధ్యలోని కండరం నలుగుతుంది. పక్షవాతంలో ఈ ఎముకలను తిప్పే కండరాలు, కీలును పట్టి ఉంచే కండరాలు పట్టు తప్పుతాయి. ఇంట్లోవాళ్లు మంచి మనసుతోనే ‘ఇంకాస్త పైకి’ అంటూ చేయి లాగితే నొప్పి పుడుతుంది. 1990లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో తలపై కప్పీ కట్టి చేయి లాగించినవాళ్లకు, ఫిజియోథెరపిస్టు చేతులతో కదిలించినవాళ్లకంటే భుజం నొప్పి చాలా ఎక్కువగా వచ్చింది. కాబట్టి ఆమెకు కావలసింది కండరం ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుందో అప్పజెప్పడం కంటే పెద్ద విద్య. చర్మం మీదుగా రెక్క ఎముక కింది కొసను వేలితో పట్టుకుని అది కదులుతోందో లేదో తెలుసుకోగలగాలి. మన ఆన్‌లైన్ పాఠాలు చాలావరకు పుట్టుక, అతుకు, నాడి, పని అనే నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోతాయి. పరీక్షకు అవి చాలు.

ముడిసరుకుకు కొరత లేదు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లోనే ఒక మగమనిషి శరీరాన్ని మిల్లీమీటరు మందం పొరలుగా చిత్రించి లోకానికి ఇచ్చింది. జపాన్‌లో తయారైన బాడీపార్ట్స్‌3డి బొమ్మలు ఉచితంగానే దొరుకుతాయి, ఓపెన్‌స్టాక్స్ అనాటమీ పాఠ్యపుస్తకమూ అంతే. మరి త్రీడీ యాప్‌లో బొమ్మను అన్ని వైపులా తిప్పి చూస్తే సరిపోదా అంటారు. కెనడాలో జెఫ్రీ నార్మన్, సహచరులు మణికట్టు ఎముకలతో ఇదే పరీక్షించారు. ముఖ్యమైన రెండు మూడు కోణాలు బాగా చూపిస్తే, మిగతా కోణాల వల్ల కలిగే అదనపు లాభం స్వల్పమని 2002లో ప్రచురించారు. ఇక, చదివిందే మళ్లీ చదివినవాళ్లకంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లకు వారం తర్వాత ఎక్కువ జ్ఞాపకం ఉందని 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చూపారు. ఆకర్షణీయమైన బొమ్మ మీద పెట్టే ఖర్చులో కొంత మంచి ప్రశ్నల మీద పెట్టాలని నేననేది అందుకే.

అసలు ఎవరి ఒంటిని చూసి నేర్చుకుంటున్నాం? లాహోరులో అనాటమీ ఆచార్యుడిగా ఉన్న హేవ్‌లాక్ చార్లెస్, గొంతుక్కూర్చునే అలవాటు వల్ల పంజాబీల కాలి ఎముకల మీద ఏర్పడే ప్రత్యేకమైన నునుపు పలకలను 1890లలోనే వర్ణించారు. మనిషి కూర్చునే తీరు ఎముక మీద అచ్చుపడుతుందని మన ఉపఖండం నుంచే అంత వెనక చెప్పగలిగారు. అయినా కుర్చీలో కూర్చునే మనిషి మోకాలే నేటికీ మన పాఠాల్లో కనబడుతుంది. మన దగ్గర మోకాళ్ల నొప్పితో వచ్చే అవ్వ అడిగేది వేరు: బాసింపట్టు వేసుకుని అన్నం తినగలనా, దొడ్డికి గొంతుక్కూర్చోగలనా, మామిడి తోటలో వంగి పని చేయగలనా? పూర్తిగా ముడుచుకున్న మోకాలిలో చిప్ప ఎక్కడుంటుంది, చీలమండ ఎంత వంగాలి, తుంటి ఎంత తిరగాలి అని చూపించే పాఠం ఆ ప్రశ్నలకు అక్కరకొస్తుంది.

శవాన్ని కోసి నేర్చుకునే గదికి ఫోను తెర ప్రత్యామ్నాయం కాదనే అభ్యంతరం నిజమే. ఆ అనుభవాన్ని తగ్గించమని నేననను. కానీ శవంలో కండరం బిగుసుకోదు, పట్టు తప్పదు, నొప్పికి ముడుచుకోదు. ప్రాణమున్న ఒంటి మీద తడిమి చూసే విద్యకు వేరే పాఠం ఎలాగూ కావాలి. వీడియో చూసినంత మాత్రాన వేళ్లకు ఆ తెలివి రాదు. అందుకే ప్రతి పాఠం చివర తోటి విద్యార్థి ఒంటి మీద గుర్తించి, గురువుకు చూపించవలసిన పని ఒకటుండాలి. ఆన్‌లైన్‌లో తప్పులు త్వరగా పాకుతాయన్న భయానికీ ఆధారముంది. దానికి మందు, తయారుచేసినవాళ్ల పేర్లు, సరిచూసిన తేదీ ప్రతి పాఠం మీదా ఉండడం.

ఈ పని చేయడానికి పరదేశం నుంచి ఎవరూ రానక్కర్లేదు. 2022 జనవరిలో ప్రారంభమైన కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాలలో అనాటమీ అధ్యాపకులున్నారు, డాక్టర్ ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయానికి పాఠ్యప్రణాళిక మీద అధికారముంది, ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టులకు ఏది తెలియక ఇబ్బందిపడుతున్నారో తెలుసు. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాలి. పాఠాలు ఇంగ్లిష్‌లో ఉన్నా, రోగికి చెప్పే మాటలు తమిళంలో, తెలుగులో, కన్నడంలో వినిపించాలి. హోసూరు చుట్టుపక్కల ఒకే వీధిలో మూడూ అవసరమవుతాయి. వీడియోలు ముందే దించుకుని సిగ్నల్ లేని ఊళ్లో చూసుకునేంత చిన్నవిగా ఉండాలి. విశ్వవిద్యాలయం ముందుగా పది పాఠాలు చేయించి, వాటిని ఈ జిల్లాలోనే ఒక ఏడాది వాడించి, తర్వాత రాష్ట్రమంతటికీ ఇవ్వవచ్చు.