రంగులు వేయడం చదువు కాదా?

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అక్క కూతురు తన రంగుల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అక్కావాళ్ళు మా ఊళ్ళోనే ఉంటారు. పిల్ల వ్యానెక్కి టౌనులో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుకు పోయొస్తుంది, ఎల్.కె.జి. పుస్తకంలో అచ్చు వేసిన ఆకు బొమ్మ ఒకటి ఉంది. దానికి పిల్ల పసుపు రంగు వేసి, కొసన కాస్త గోధుమరంగు పూసింది. టీచరు ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కన ‘గ్రీన్’ అని రాసింది.

“పసుపు ఎందుకు వేశావే?” అన్నాను.

“మన చేలో అట్టాగే ఉందిగా మామయ్యా!” అంది.

నిజమే. వానలకు నీళ్ళు నిలబడి మా దిగువ చేలో వరి పసుపుబారి, ఆకు కొసలు ఎండిపోయి ఉన్నాయి. పిల్ల చూసింది, చూసింది వేసింది. ఇందులో తప్పెక్కడుంది?

ఈలోగా మా నాన్న అందుకున్నాడు. “వేలకు వేలు పోసేది రంగులు పూయడానికా? అ ఆలు దిద్దించమను ముందు” అని. మా నాన్న ఒక్కడే కాదు, ఊళ్ళో ఏ ఇంట అడిగినా ఇదే మాట. రంగులు వేయడమంటే టీచరుకు తీరిక దొరకడం కోసం పిల్లలకిచ్చే పని అనే మనవాళ్ళ ఉద్దేశం.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక్క మాట చెబుతాను. మన మణికట్టులో 8 చిన్న ఎముకలున్నాయి. పుట్టినప్పుడు అవి ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటే గట్టిపడుతూ వచ్చి, చివరిది గట్టిపడేసరికి పిల్లవాడికి పదేళ్ళ ప్రాంతం వస్తుంది. అంటే మూడు నాలుగేళ్ళ పసివాడి చెయ్యి ఇంకా తయారవుతూనే ఉందన్నమాట. ఆ చేత్తో సన్నటి పెన్సిలు పట్టించి గీతల మధ్య అక్షరాలు రాయమంటే వాడేం చేస్తాడు? పిడికిలి బిగించి కాయితం చింపుతాడు. అదే ఒక క్రేయాన్ ముక్క ఇచ్చి చూడండి. ముక్కే ఇవ్వాలి సుమా, పొట్టి ముక్క పిడికిట్లో ఇమడదు, వేళ్ళ కొసలతోనే పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే ముదురు రంగు, తేలిగ్గా రాస్తే లేత రంగు. అంచు దగ్గర ఆగడం కంటికీ చేతికీ కుదిరిన ఒప్పందం. రేపు ‘అ’ రాయడానికి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది. 1907లో రోములో పిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరీ, ఆకారాల అంచు గీయించి లోపల రంగు పెన్సిలుతో గీతలు నింపించే పనిని రాతకు ముందు మెట్టుగా పెట్టింది. ఆమె 1939లో మన మద్రాసుకొచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇచ్చింది.

అంత దూరం పోవడం కూడా ఎందుకు? మా అక్కకు ఐదేళ్ళప్పుడే అమ్మ చిటికెతో ముగ్గుపిండి పట్టడం నేర్పింది. బొటనవేలు, చూపుడువేలు మధ్యనుంచి పిండి సన్నగా జారాలి, ఆ తర్వాత గడుల్లో రంగులు నింపాలి. నేను మగపిల్లాణ్ణి కాబట్టి నాకా భాగ్యం లేదు. తిన్నగా ఒకటో తరగతిలో పడేస్తే పలక మీద దిద్దాను, వంకర పోయినప్పుడల్లా దెబ్బలు తిన్నాను. టెంతుతో చదువాపిన అక్క దస్తూరీ ముత్యాలు. డిగ్రీ చదువుతున్న నా దస్తూరీ సంగతి పేపర్లు దిద్దే లెక్చరర్లకు బాగా తెలుసు. పరీక్షలో గంట దాటితే నా వేళ్ళు కొయ్యబారతాయి. ముగ్గు వల్లే ఇదంతా అని నిరూపించలేను గానీ, నా అనుమానం నాది.

విచిత్రమేమిటంటే నాలుగేళ్ళప్పుడు అక్కర్లేదన్న రంగు పెన్సిలును ఇరవయ్యేళ్ళకు జువాలజీ రికార్డులో కొనిపిస్తారు. కప్ప గుండెకు రంగు వేయలేక హాస్టల్లో జూనియర్లకు టీలు తాగించి వేయించుకునే మహానుభావులు మనలో ఎందరో!

అచ్చు బొమ్మల పుస్తకాలే పనికిరావనీ, పిల్లల సొంత ఊహను చంపేస్తాయనీ వాదించినవాళ్ళున్నారు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1947లో అచ్చయిన తన పుస్తకంలో వాటిని గట్టిగానే వ్యతిరేకించాడు. నాకు సగమే ఒప్పుదల. ఖాళీ కాయితం ఉత్తమం, కాదనను. కానీ అచ్చు బొమ్మలో కూడా రంగు ఎంచుకునేది పిల్లే కదా! ఆ ఎంపికను కూడా లాగేసుకున్నప్పుడే అసలు నష్టం.

వరికి యూరియా ఎప్పుడు వేయాలో తేల్చడానికి ఆకు రంగుల పట్టిక అని ఒకటుంది. లేతపచ్చ నుంచి ముదురుపచ్చ దాకా వరసగా పట్టీలుంటాయి, ఆకును పక్కన పెట్టి పోల్చి చూడటమే. మా నాన్నకు ఆ పట్టికతో పనిలేదు, గట్టు మీద నుంచే చెప్పేస్తాడు. పచ్చలో ఎన్ని పచ్చలున్నాయో ఆయన కంటికి తెలుసు. ఆ ఇంటి పిల్లకు ఆకంటే ఒక్క గ్రీన్ అని నేర్పడం చదువా?

మన కెమిస్ట్రీ ల్యాబు సంగతే చూడండి. ఫినాల్ఫ్తలీన్ వేసిన ద్రావణం లేత గులాబి తిరగ్గానే బ్యూరెట్టు కట్టేయాలి. ముదురు గులాబి అయిందంటే దాటిపోయినట్టే. దాటిపోయినా మనమేం చేస్తాం? వచ్చిన రీడింగు వదిలేసి, రావలసిన రీడింగు పక్కవాణ్ణి అడిగి రాస్తాం. నేనూ రాశాను. కంటికి కనిపించింది కాక మాస్టారు ఒప్పుకునేది రాయాలన్న భయం ఆ ఎర్ర ఇంటూ దగ్గరే మొదలై ఉంటుందని నాకనిపిస్తుంది.

అందుకని యూనియన్ వారికీ, ఎన్.ఎస్.ఎస్. మిత్రులకూ ఒక మనవి. ఏటా వారం రోజుల క్యాంపుకు ఏదో ఒక పల్లె వెళ్తాం, రోడ్లూడ్చి ఫొటోలు దిగి వస్తాం. ఆ ఊళ్ళో అంగన్‌వాడీ ఉంటుంది, అక్కడ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలుంటారు. ఈసారి చీపుళ్ళతోపాటు నాలుగు క్రేయాన్ పెట్టెలు, ఒకవైపు ఖాళీగా ఉన్న పాత రికార్డు కాయితాలు పట్టుకెళ్దాం. వాళ్ళు ఏ రంగు వేసినా ఎందుకు వేశారో అడిగి విందాం. కాయితాలు నేనిస్తాను. నా రికార్డు ఎలాగూ మళ్ళీ రాయమన్నారు.