గీసిన చేతికి పేరుండదా?

మీ ఇంట్లో గోడకు తగిలించిన బొమ్మ ఎవరు గీశారో చెప్పగలరా? కొన్న దుకాణం పేరు చెబుతాం. పెట్టిన ధర చెబుతాం. పండగ డిస్కౌంటులో ఎంత తగ్గిందో కూడా చెబుతాం. గీసిన మనిషి పేరు మాత్రం తెలీదు. తెలుసుకోవాలన్న ఆలోచనే రాదు. కథ చదివితే రాసిందెవరా అని చూస్తాం. పాట నచ్చితే పాడిందెవరని అడుగుతాం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'బాగుంది' అనేసి ఊరుకుంటాం. ఎందుకిలా?

మాది కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న కౌతాళం. చీర కొనాలన్నా, పుస్తకం కొనాలన్నా ఆదోనికో ఎమ్మిగనూరుకో బస్సెక్కాల్సిందే. ఇక చిత్రకళా ప్రదర్శన అంటే మా వైపు ఆడవాళ్ళకు పేపర్లో చదివే వార్తే. అలాగని ఇది బొమ్మల ఊసెరగని సీమ కాదు. 17వ శతాబ్దంలో ఆదోనిని బీజాపూరు సర్దారు సిద్ది మసూద్ ఖాన్ ఏలాడు. తర్వాత మొగలుల తరఫున ఇక్కడ అధికారం చేసిన బికనేరు రాజా అనూప్ సింగ్ 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. అప్పట్లో ఆదోని నుంచి బికనేరు చేరిన దక్కన్ చిత్రాల గురించి కళాచరిత్ర పుస్తకాలు ఈనాటికీ చెబుతాయి. బొమ్మలో ఉన్న సుల్తాను పేరు తెలుసు, దాన్ని పట్టుకెళ్ళిన రాజు పేరు తెలుసు. వాటిలో చాలావాటికి గీసినవాడి పేరే తెలీదు. మన అలవాటు ఇవాళ్టిది కాదన్నమాట!

'కళాకారుడు' అంటే పట్నంలో ఉండి, కాన్వాసు మీద గీసి, మూలన సంతకం చేసేవాడనీ, ఊళ్ళో ఉండి గుడ్డ మీదో తోలు మీదో గీసేవాళ్ళది 'చేతిపని' అనీ మన మనసులో ఒక గీత ఉంది. ఆ గీత ఎవరు గీశారో గాని, అది తప్పుడు గీత అంటాను నేను. ఆ 'చేతిపని'లో ఎంత విద్య ఉందో ఒక్కసారి చూడండి.

శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. గుడ్డను ముందు కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. రంగు పక్కకు పాకకుండా ఉండేది ఆ పాల జిడ్డు వల్లే. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. వెదురుపుల్లకు చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ రంగు వదలడమే కలం పని. నలుపు కోసం ఇనప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడతాయి. ఎరుపు రావాల్సిన చోట ముందు పటిక నీళ్ళతో గీస్తారు. తర్వాత రంగునీళ్ళలో ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఆరబెట్టు. పారే నీళ్ళలో జాడించకపోతే మిగులు రంగు గుడ్డను పాడుచేస్తుంది. ఆవకాయ జాడీలో ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిసిన మనకు ఈ లెక్క వేరే చెప్పాలా? ఒక్క మెట్టు తప్పితే అంతా పోతుంది. ఇంత విద్య ఉన్న జొన్నలగడ్డ గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు.

అదే కలంకారీ పేరుతో మచిలీపట్నం పక్కన పెడనలో జరిగే పని పూర్తిగా వేరు. అక్కడ కలం లేదు, చెక్క అచ్చులున్నాయి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. పక్కపక్కన అద్దుతూ పోతే అతుకు కనబడకూడదు. అచ్చు చెక్కేవాళ్ళ నేర్పు వేరు, అద్దేవాళ్ళ నేర్పు వేరు.

మా పక్క అనంతపురం సీమకు వస్తే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, వెలుతురు దూరేంత పల్చగా గీకి, ఆరబెట్టి, దానిమీద బొమ్మ గీస్తారు. నగలూ పూలూ రంగుతో కాదు, ఉలితో కొట్టిన చిల్లులతో వస్తాయి. వెనక దీపం పెడితే ఆ చిల్లులే ముత్యాలు! ఆట చూసేవాళ్ళు తగ్గిపోయాక ఆ చేతులే లాంప్ షేడ్లు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణలో చేర్యాల నకాషీవాళ్ళు గుడ్డకు గంజీ, సుద్దమట్టీ, చింతగింజల జిగురూ పట్టించి గట్టి చేసి, ఎర్రటి నేల మీద కులపురాణాలు గీస్తారు. కథ చెప్పేవాడు ఆ పటాన్ని విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది.

ఇప్పుడు సంతకం చేసే చిత్రకారుల సంగతి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన కె.లక్ష్మాగౌడ్ లోహపు రేకును ఆమ్లంతో కొరికించి అచ్చుతీసే ఎచింగ్ పద్ధతిలో పల్లె మనుషుల్నీ మేకల్నీ గీశారు. సిద్దిపేట కాపు రాజయ్య బతుకమ్మనూ బోనాలనూ టెంపెరా రంగుల్లో గీశారు. తోట వైకుంఠం పెద్ద బొట్టుతో, గాఢమైన రంగు చీరలతో తెలంగాణ ఆడవాళ్ళను దేశం గోడలెక్కించారు. వీళ్ళ వేళ్ళన్నీ పల్లెలోనే ఉన్నాయి. పల్లె నుంచి తీసుకున్నది కాన్వాసు ఎక్కితే 'కళ', పల్లెలోనే ఉండిపోతే 'చేతిపని' అవుతుందా? మీరే చెప్పండి.

చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వస్తే రష్యా కథల పుస్తకాల కోసం పరిగెత్తినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు. ఆ దేశంలో పాలెఖ్ అనే ఊరుంది. తరతరాలుగా చర్చీలకు దేవుడి పటాలు గీసిన చిత్రకారుల ఊరు. 1917 విప్లవం తర్వాత ఆ పటాలు అడిగేవాళ్ళు లేకపోయారు. ఇంక కుంచెలు అటకెక్కించాల్సిందేనా? ఎక్కించలేదు. కాగితపు గుజ్జుతో చేసిన నల్లటి పెట్టెల మీద, గుడ్డుసొనలో కలిపిన రంగులతో అవే సన్నటి గీతలు గీసి జానపద కథలు చెప్పడం మొదలుపెట్టారు. 1924లో సహకార సంఘం కట్టుకున్నారు. బంగారు గీతకు మెరుపు రావడానికి తోడేలు పన్నుతో రుద్దుతారట! మన నిమ్మలకుంటవాళ్ళు తోలుబొమ్మను లాంప్ షేడుగా మార్చుకున్నట్టే ఇదీ. ఒక తేడా ఉంది. జానెడు పెట్టె మీద కూడా గీసినవాళ్ళు తమ పేరు రాసుకుంటారు. పేరుంది కాబట్టి మనిషికి మనిషికి ఉన్న తేడా కొన్నవాళ్ళకు తెలుస్తుంది. పనికి తగ్గ ధర అడిగే ధైర్యం గీసినవాళ్ళకు వస్తుంది.

ఇక మన ఆడవాళ్ళ సంగతి చెప్పనే లేదు. తెలుగు వాకిళ్ళలో రోజూ పొద్దున్నే ముగ్గు పడుతుంది. స్కేలు లేదు, చెరిపే రబ్బరు లేదు. చుక్కల లెక్క తప్పకుండా, వంగిన నడుముతో, పాలవాడు వచ్చేలోపు అయిపోవాలి. మధ్యాహ్నానికి అది కాళ్ళకింద పోతుంది. దాన్ని ఎవరూ కళ అనరు, పని అంటారు. తోలుబొమ్మలాటలో తెరవెనక సీత గొంతూ, బంగారక్క గొంతూ ఆడవాళ్ళవే. శ్రీకాళహస్తిలో ఇవాళ కలం పట్టిన ఆడవాళ్ళు ఎందరో. అయినా బయటికొచ్చే పేరు చాలాసార్లు ఇంటి మగవాడిదే. ఎన్ని ఇళ్ళలో భార్య రంగులు నింపితే భర్త సంతకం పెట్టలేదంటారు?

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. పదో తరగతి. నోటుపుస్తకం వెనకపేజీల నిండా మనుషులే. బావికాడ ఆడోళ్ళు, పత్తి మూటల మీద కూర్చున్న ముసలాయన. చూస్తే ఎవరో ఇట్టే గుర్తుపట్టచ్చు. వాళ్ళమ్మ మాత్రం "బొమ్మలు గీస్తే కూడు పెడ్తాయా అక్కా? రేపు అత్తగారింట్లో అడిగేది వంటొచ్చునా అనే గాని, బొమ్మొచ్చునా అనా?" అంటుంది. ఆమె మాటను తీసిపారేయలేను. ఆదోనిలో సైన్‌బోర్డులు రాసి బతికిన పెయింటర్లు ఫ్లెక్సీలు వచ్చాక ఏమయ్యారో ఆమె కళ్ళారా చూసింది. కానీ ఆ తల్లికి చెప్పడానికి మన దగ్గర పేర్లుండాలి కదా! "ఇదిగో, మన సీమలో ఫలానా ఊళ్ళో ఫలానా ఆమె కలం పట్టి ఇల్లు నడుపుతోంది" అని నాలుగు పేర్లు చెప్పగలిగితే ఆమె నోటుపుస్తకాన్ని పొయ్యిలో పెట్టదు. మనం పేర్లు గుర్తుపెట్టుకోకపోవడం వల్ల నష్టపోయేది గీసినవాళ్ళే కాదు, గీయబోయేవాళ్ళు కూడా.

"బాగానే చెబుతున్నావు గాని, చేత్తో గీసిన చీర ధర చూశావా?" అంటారు మీరు. చూశాను. నెలజీతం ఇంట్లో అది కష్టమే. స్క్రీన్ ప్రింటు చీర కట్టుకోవడం నేరమేమీ కాదు, ఆ పని చేసేవాళ్ళకూ పొట్టలున్నాయి. కానీ దాన్ని కలంకారీ అని అమ్మడం మోసం. ఒక దుకాణంలో నాకు 'అసలు కాళహస్తి చెయ్యి' అని చూపించిన చీరలో అంచు పొడుగునా ఉన్న నెమళ్ళన్నిటికీ ఒకే ముక్కు, ఒకే వంపు, రెక్క మీద ఒకేచోట ఒకే మచ్చ! చేత్తో గీసిన రెండు నెమళ్ళు కవలల్లా ఉండవమ్మా. ఆ మాటే అన్నాను. "మీకెందుకు మేడమ్, చూసేవాళ్ళకు తెలుస్తుందా?" అన్నాడు. చూసేవాళ్ళకు తెలియాలి. అదే నా వాదన.

మనం చేయగలిగింది కొండంత ఏమీ కాదు. కొనేముందు మూడు మాటలు అడుగుదాం. ఇది కలమా, అచ్చా, స్క్రీనా? ఏ ఊరు? ఎవరి చెయ్యి? శ్రీకాళహస్తి కలంకారీకీ మచిలీపట్నం కలంకారీకీ వేరువేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఊరి పేరు అడిగే హక్కు మనకుంది. గీతలు ఎక్కడైనా సన్నంగా, ఎక్కడైనా లావుగా ఉన్నాయా చూద్దాం. చెయ్యి అనేది ఊపిరి పీలుస్తుంది, యంత్రం పీల్చదు. చీర కొనలేకపోతే జానెడు గుడ్డ కొందాం, పటం కట్టిద్దాం, కింద గీసినవాళ్ళ పేరు మనమే రాద్దాం. పెళ్ళిళ్ళకు ఇచ్చే స్టీలు గిన్నెల బదులు అప్పుడప్పుడు ఒక తోలుబొమ్మ దీపం ఇద్దాం. బేరం ఆడేముందు ఆ గుడ్డ ఎన్నిసార్లు నీళ్ళలో మునిగి తేలిందో గుర్తుచేసుకుందాం.

ఇంట్లో ఆడపిల్ల బొమ్మ గీసి చూపిస్తే 'బాగుంది' అని పక్కన పెట్టేయకండి. "మూలన నీ పేరు రాయి తల్లీ" అనండి. తారీఖు కూడా వేయమనండి. పేరు రాయడం చిన్నప్పుడే అలవాటు కావాలి. పెద్దయ్యాక రాస్తానంటే రాయనిచ్చేవాళ్ళు తక్కువ.