చిలకకు గోధుమ రంగు వేశాడు!

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకు 10 ఏళ్లు. బడిలో నిర్మల్ బొమ్మల మీద రిపోర్టు రాసి, రంగు పెన్సిళ్లతో బొమ్మ వేసిన అట్ట పెట్టుకు రమ్మన్నారు. చిలకను చక్కగా గీశాడు. కాని దాని ఒంటికీ, చుట్టూ ఆకులకూ గోధుమ రంగు పూశాడు. వెక్కిరింతకు చేశాడని మాస్టారు కొట్టారు. "అది ఆకుపచ్చే గదమ్మా" అని ఇంటికొచ్చి ఏడ్చాడు. క్యారెట్లు, మునగాకు పెడితే తగ్గుతుందా? మా వారికి వీణ్ణి రైలు డ్రైవరును చేయాలని ఉంది.
– ఒక సోదరి, మంచిర్యాల

జవాబు: అమ్మా, మీ వాడు వెక్కిరించలేదు. వాడికి కనిపించినట్టే వేశాడు. పరీక్ష చేయకుండా తేల్చి చెప్పకూడదు గాని, ఇది పుట్టుకతో వచ్చే వర్ణాంధత్వం కావచ్చు. కంటి వెనుక పొరలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలు. వాటిలో ఒక రకం లోపిస్తే ఆకుపచ్చ, గోధుమ, నారింజ రంగులు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చూపు మామూలుగానే ఉంటుంది. అందుకే పెద్దలు కనిపెట్టలేరు. జాన్ డాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త తనకూ, తన సోదరుడికీ ఈ లోపం ఉందని 1794లో స్వయంగా వివరించాడు.

ఇది సాధారణంగా తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది. తల్లికి రంగులన్నీ బాగానే కనిపిస్తాయి. ఇందులో మీ తప్పేమీ లేదు. మీ నాన్నగారు మామిడిపండును రంగు చూసి కాక, నొక్కి, వాసన చూసి ఏరేవారేమో గుర్తు చేసుకోండి!

క్యారెట్లు, మునగాకు మంచివే, పెట్టండి. అవి రేచీకటి రాకుండా కాపాడతాయి గాని దీనికి పనిచేయవు. దీనికి మందు లేదు. ప్రత్యేకమైన కళ్లద్దాలు కొందరికి రంగుల తేడాను కాస్త పెంచుతాయేగాని లోపాన్ని పోగొట్టవు. వాటి మీద డబ్బు పోయకండి.

కంటి డాక్టరు దగ్గర ఇషిహారా పటాలుంటాయి. రంగు చుక్కల మధ్య దాగిన అంకె చదవమంటారు. అయిదు నిమిషాల పని. ఆ కాగితం మాస్టారికి చూపించండి. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యా హక్కు చట్టం నిషేధించిందని కూడా నెమ్మదిగా గుర్తు చేయండి.

పెన్సిళ్ల చివర కాగితం చుట్టి రంగు పేరు రాయండి. రెండో వైపు నుంచి చెక్కుకోమనండి, పేరు పోదు. వచ్చిన చుట్టాలందరి ముందూ "ఇదేం రంగురా?" అని మాత్రం అడగకండి.

మీ వారికి నిజం చెప్పాలి. రైలు ఇంజను నడపడానికి రంగుల చూపు పరీక్ష తప్పనిసరి. ఆ ఆశ ఇప్పుడే వదులుకుంటే వాడికి ఇరవై ఏళ్లప్పుడు గుండె పగలదు. ఇతర బండ్లకు ఆ ఇబ్బంది తక్కువ. 2020లో సవరించిన నిబంధనల ప్రకారం స్వల్ప, మధ్యస్థ వర్ణాంధత్వం ఉన్నవారికీ డ్రైవింగ్ లైసెన్సు ఇస్తారు.

ఇంకొకటి. పెద్దవాళ్లకు ఉన్నట్టుండి రంగులు వెలిసినట్టు కనిపిస్తే అది వేరే జబ్బు. క్షయకు ఇచ్చే ఇథాంబుటాల్ మాత్రలు వాడేవారైతే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మీకు మరో మగపిల్లాడుంటే వాడికీ అదే రోజు పరీక్ష చేయించండి.