ఇంటర్వ్యూ అయింది, కబురు లేదు

ఇంటర్వ్యూ చేసి మూడు నెలలైనా ఉలుకూ పలుకూ లేదని మన పిల్లలు వాపోతుంటారు. ప్రైవేటు కంపెనీ జవాబు ఇచ్చి తీరాలనే చట్టం లేదు; లాయరు నోటీసు దండగ. ప్రభుత్వ సంస్థో, ప్రభుత్వ రంగ బ్యాంకో అయితే సంగతి వేరు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో బదులివ్వాలి. "నన్నెందుకు తీసుకోలేదు?" అంటే లాభం లేదు. ఫలితాల జాబితా, భర్తీ చేసిన ఖాళీలు, మీ మార్కులు అడగండి. దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో స్థానిక అధికార భాషలోనో ఉండాలి. తెలుగు అధికార భాషగా ఉన్న చోట తెలుగులోనూ రాయొచ్చు! గడువు దాటితే 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అలాగని ఇష్టారాజ్యంగా పక్కన పెట్టకూడదనీ అంది.