గెలుపు ఒక్కటే అర్హతా?

క్రీస్తుపూర్వం 11వ శతాబ్దంలో చైనాలో షాంగ్ వంశాన్ని కూలదోసిన ఝౌ రాజులు, దుర్మార్గులకు దైవం ఇచ్చిన పాలనాధికారం రద్దయి తమకు దక్కిందని చాటుకున్నారు. గెలిచినవాడు చెప్పుకునే సాకే కదా అనవచ్చు, కొంత నిజమే. కానీ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు తత్వవేత్త మెన్షియస్ దానికో గట్టి కొలమానం పెట్టాడు: ప్రజల తర్వాతే రాజు అన్నాడు, జనాన్ని పీడించేవాడికి ఆ పేరే చెల్లదన్నాడు. లోపమల్లా, అలాంటివాణ్ణి దించడానికి తిరుగుబాటు తప్ప మరో దారి లేకపోవడం. ఆ లోపానికి ఆసిఫాబాద్ అడవులు ప్రాణాలతో వెల చెల్లించాయి. సాగుకు, పశువుల మేతకు హక్కు అడిగిన గోండులకు నిజాం రాజ్యంలో ఓటూ లేదు, గోడు వినే నాథుడూ లేడు. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాకే సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించి కారణాలు వెతికింది, ఆ తర్వాతే పట్టాలివ్వడం మొదలుపెట్టింది. ఇవాళ తుపాకీ పట్టకుండానే పాలకుణ్ణి మార్చగలం. ఏ చక్రవర్తీ ఇవ్వని హక్కు ఇది, దీన్ని తక్కువ చేసి చూడలేం. అయితే ఎన్నిక ఐదేళ్ల అధికారాన్ని ఇస్తుంది గానీ, ఆ ఐదేళ్లలో చేసే ప్రతి పనినీ న్యాయమైనదిగా మార్చదు. అడుగడుగునా జనాన్ని అడుగుతూ కూర్చుంటే పాలన సాగేదెలా అంటారు. అన్నింటికీ అడగనక్కర్లేదు. కానీ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను లేదా పంచాయతీని సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. అటవీ హక్కుల గుర్తింపు గ్రామసభతోనే మొదలవాలని 2006 చట్టం అంటోంది. ఆ సభను సంతకాల తంతుగా మార్చే ప్రభుత్వం ఎంత మెజారిటీతో గెలిచినా, అక్కడి జనాన్ని పాలించే నైతిక అర్హతను పోగొట్టుకున్నట్టే.