జీపీవో విచారణకూ గడువు పెట్టాలి

సిద్దిపేటలో తహసీల్ ఆఫీసు ముందు కూర్చొని రైతులకు దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. ఆ దరఖాస్తుల్లో రాసే గ్రామ అధికారి హోదా మారుతూనే ఉంది. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీలను తీసేసింది. తర్వాత వీఏవో, ఆపై వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వచ్చారు. 2020 సెప్టెంబరులో చట్టం చేసి వీఆర్వో పోస్టులనూ రద్దు చేశారు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారి, మన నోట్లో జీపీవో, వచ్చాడు. రైతు అడిగేది మాత్రం అదే: విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పు) చేయండి, విస్తీర్ణం సరిచేయండి, మోకా మీదికొచ్చి చూడండి.

వీఆర్వోల మీద జనం కోపం ఉత్తది కాదు. పాసుబుక్కు కోసం చేయి తడిపినవాళ్లు నా దగ్గర చాలామందే కూర్చున్నారు. అయితే సర్కారు మనిషిని తీసేసింది, పనిని మాత్రం ఎవరికీ సరిగ్గా అప్పజెప్పలేదు. ధరణి భూ రికార్డుల పోర్టల్‌లో ఎకరం ఇరవై గుంటలు ఎకరం రెండు గుంటలుగా పడితే సరిచేయించుకోవడానికి రైతుకు టీఎం-33 అనే మాడ్యూల్ నంబరు కంఠతా రావాల్సి వచ్చింది. అధికారి కాదంటే పైన అప్పీలు లేదు, సివిల్ కోర్టుకే పోవాలి. అర ఎకరం కోసం వకీలు ఫీజు ఎవరు కడతారు?

2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం ఆ తలుపు తెరిచింది. ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. విరాసత్‌కు 30 రోజుల గడువుంది. మంచిదే. కానీ తహసీల్దారు కలం కదలాలంటే ఊరి నుంచి జీపీవో విచారణ రిపోర్టు రావాలి. జీపీవో జాబ్ చార్టులో గ్రామ లెక్కలు, విచారణలు, చెరువులు, సర్కారు భూముల కాపలా, పంట నష్టం, ఎన్నికలు అన్నీ ఉన్నాయి. ఇవన్నీ సర్కారుకు అతను చేయాల్సిన పనులు. రైతుకు అతను ఏం బాకీ ఉన్నాడో కూడా చట్టంలోనే రాయాలి.

నేను అడిగేవి మూడు. విచారణ తేదీని దరఖాస్తుదారుకూ హద్దుదారులకూ ముందే తెలపాలి. మోకా మీద రాసిన పంచనామా నకలు అదే రోజు చేతికివ్వాలి. విచారణకు గడువు పెట్టి, అది దాటితే కారణం రాయాలి, కారణం లేకుంటే జరిమానా కట్టాలి.

ఇది వింత కోరిక కాదు. 2014 టీఎస్ ఐపాస్ చట్టం పరిశ్రమ పెట్టేవారికి గడువులోగా అనుమతి పొందే హక్కునిచ్చింది, ఆలస్యం చేసే అధికారికి జరిమానా పెట్టింది. 2020 నాటి బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనానికి అనుమతి 21 రోజుల్లో రాకపోతే వచ్చినట్టే. మధ్యప్రదేశ్ 2010లోనే సేవల హామీ చట్టం చేసి, ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున అధికారి జేబులోంచే తీసింది.

జీపీవోల గోడు కూడా వినాలి. మంజూరైన పోస్టులు 10,954 అయితే మొదటి విడతలో నియామక పత్రాలు అందుకున్నది 5 వేల మంది. ఒక్కరి నెత్తిన రెండు మూడు ఊళ్లు, పైగా సర్వేలు, ఎన్నికల డ్యూటీలు. అందుకే వేరే పని అప్పగించిన రోజులను పైఅధికారి రాతపూర్వకంగా చూపితే వాటిని గడువు నుంచి మినహాయించాలి. అప్పుడు చిన్న ఉద్యోగి బలికాడు, తప్పు ఎక్కడుందో కాగితమే చెబుతుంది.

దీనికి కొత్త పోస్టు వద్దు, కొత్త పోర్టల్ వద్దు, భూభారతికి ఒక సవరణ చాలు. పరిశ్రమకు ఇచ్చిన హామీ పట్టాదారుకు ఇవ్వలేమంటే, ఎందుకివ్వలేరో ఆ ముక్క సర్కారే రాసివ్వాలి.