స్వచ్ఛందమనబడు రాజీనామాలు

కంప్యూటరు కంపెనీల యాజమాన్యములు తమ ఉద్యోగులను మరల కార్యాలయములకు పిలుచుచున్నవి. పిలుపు నందుకొనలేనివారు కొలువు విడిచి పోవుచున్నారు. పోయినవారి లెక్క కంపెనీల పుస్తకములలో "స్వచ్ఛందముగా రాజీనామా చేసినవారు" అను శీర్షిక క్రింద చేరుచున్నది. ఆ శీర్షికను గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి. తెలుగునాట ఈ కొలువులతో సంబంధము లేని పెద్ద కుటుంబ మరుదు. కొడుకో కోడలో హైదరాబాదుననో బెంగుళూరుననో ఈ పనిలో నుండనే యుందురు. వారి చదువులకు ఎకరమో అరయెకరమో అమ్మిన తండ్రులు మా పాఠకులలో పెక్కురు గలరు.

2020 మార్చి నెలాఖరున దేశమెల్ల తలుపులు మూసికొన్నప్పుడు గోదావరి, కృష్ణా మండలముల పల్లెలకును, రాయలసీమ పట్టణములకును ఈ యువకులు, యువతులు గుంపులుగా తిరిగివచ్చిరి. పెరటి గదులు ఆఫీసులైనవి. రాత్రి పదిగంటల వేళ అమెరికా ఖాతాదారుతో మాటలాడు కోడలిని జూచి అత్తగారు మొదట విస్తుపోయి, పిమ్మట అలవాటుపడినది. పని నిలిచెనా? నిలువలేదు. ఈ కంపెనీలలో పెద్దదియగు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ఆదాయము 2020-21 లో 1,64,000 కోట్ల రూపాయలకు పైచిలుకు కాగా, 2021-22 లో 1,91,000 కోట్లను దాటినది. పెరటి గదులలో కూర్చుండి చేసిన పనికి వచ్చిన సొమ్మే యిందు అధిక భాగము.

ఆ కంపెనీయే 2020 లో ఒక గొప్ప ప్రకటన చేసినది. 2025 నాటికి తమ సిబ్బందిలో నాలుగవ వంతు మాత్రమే ఏ సమయముననైనను ఆఫీసున నుండవలసి యుండునని, ఒక్కొక్కరు తమ కాలములో నాలుగవ వంతు మాత్రమే అచట గడిపిన చాలునని యా ప్రకటన సారాంశము. దానిని నమ్మి కుటుంబములు తమ యేర్పాట్లు చేసికొన్నవి. కొందరు నగరమందలి అద్దె యిండ్లు వదలిరి. కొందరు పిల్లలను స్వస్థలములందలి బడులలో చేర్చిరి. కొందరు వృద్ధులగు తలిదండ్రుల చెంత స్థిరపడిరి. 2025 రాకముందే, 2023 అక్టోబరులో, వారమునకు ఐదు దినములును ఆఫీసునకు రావలెనని ఆజ్ఞ వెలువడినది! 2024 ఏప్రిలులో నింకొక మెట్టు పైకెక్కిరి. మూడు మాసములకొకసారి యిచ్చు మార్పు జీతమును హాజరుతో ముడిపెట్టిరి. నూటికి 60 వంతుల హాజరు లేనివారికి ఆ భాగ మసలే లేదు. 60 మొదలు 75 వరకు సగము. 85 దాటినగాని పూర్తిగా దక్కదు. పని యెంత చేసినాడని గాక, కుర్చీలో నెన్ని దినములు కూర్చున్నాడని కొలుచు పద్ధతి యిది. మాట మార్చుకొనుటకు యాజమాన్యమునకు హక్కున్నదనుకొందము. ఆ మాటపై కాపురమును కట్టుకొన్నవానికి నష్టపరిహార మేదియు లేకపోవుట న్యాయమేనా?

ఈ బరువు అందరిపై సమముగా పడలేదు. టాటా కంపెనీలో 2023 మార్చి నాటికి ఆరు లక్షలకు పైబడిన సిబ్బంది యుండిరి. అందు మూడవవంతునకు మించి స్త్రీలు. ఆ యేటి వార్షిక నివేదికలో ఉద్యోగుల వ్యవహారములు చూచు పెద్ద అధికారి మిలింద్ లక్కడ్ గారు దాపరికము లేక యొక సంగతి వ్రాసిరి. అంతకుముందు స్త్రీలు కొలువు విడుచుట పురుషులకంటె తక్కువగనో సమముగనో యుండెడిదనియు, ఆ యేడు మాత్రము పురుషులను మించినదనియు ఒప్పుకొనిరి. ఇది స్త్రీలపట్ల వివక్షము వలన గలిగినది కాదని చెప్పి, మహమ్మారి కాలమున ఇంటినుండి పనిచేయుట చేత కొందరు స్త్రీల గృహపుటేర్పాట్లు మారిపోయి, వారు తిరిగి రాలేకుండిరని తమ యూహను దెలిపిరి. ఒప్పుకొన్నందుకు వారిని మెచ్చుకొనవలసినదే. కాని యా వాక్యమును మరియొకసారి చదివినచో, తప్పు ఇంటిదే యైనట్లును, కంపెనీ కేవలము ప్రేక్షకుడైనట్లును తోచును. ఇంటి యేర్పాటు మారినది నిజమే. మార్చుకొమ్మని 2020 లో ప్రోత్సహించిన దెవరు?

హైదరాబాదున గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములకు నిత్యము పోయివచ్చువారి నడిగిన తెలియును. మెట్రో రైలు రాయదుర్గమున ఆగిపోవును. ఆపై బస్సో, ఆటోయో, స్వంత వాహనమో. వాన కురిసిన సాయంకాలము సంగతి చెప్పనక్కరలేదు. పురుషుడు ఆలస్యముగా ఇల్లు చేరినచో అలసినాడని మంచినీళ్ళందింతురు. స్త్రీ యాలస్యముగా చేరినచో వంట యెప్పుడని యడుగుదురు. ఈ మాట చదివి మా పాఠకులలో కొందరు నొచ్చుకొందురేమో! నొచ్చుకొనుడు. కోడలి జీతము కావలెను, కోడలి కాలము గూడ మనకే కావలెను అను గృహస్థులు యాజమాన్యములను దూషించుటకు ముందు తమ వంటయింటివైపు ఒకసారి చూచుట మంచిది. 2017 లో సవరించిన ప్రసూతి ప్రయోజనముల చట్టము, సెలవు ముగిసిన పిమ్మట పని స్వభావము ననుసరించి తల్లి యింటినుండి పనిచేయవచ్చునని చెప్పినది. కాని యది యజమానియు ఆమెయు ఒప్పుకొన్నప్పుడే. ఒప్పుకొననిచో? చట్టము మౌనము వహించినది.

అమెరికాలో నీ వ్యవహారము ముసుగు తీసికొని నిలిచినది. ప్రభుత్వ వ్యయము తగ్గించు బాధ్యతను నెత్తికెత్తుకొన్న ఎలాన్ మస్కు, వివేక్ రామస్వామి గార్లు 2024 నవంబరులో వ్రాసిన పత్రికా వ్యాసమున, సర్కారు ఉద్యోగులను ఐదుదినములును ఆఫీసునకు రమ్మన్నచో వారు తమంత తామే తరంగములవలె పోవుదురనియు, తాము దానిని స్వాగతింతుమనియు స్పష్టముగా ప్రకటించిరి. 2025 జనవరి 20 వ తేదీన అధికారమునకు వచ్చిన దినముననే అధ్యక్షుడు ట్రంపు ఆ ఆజ్ఞను జారీచేసినాడు. అమెజాను సంస్థ 2024 సెప్టెంబరులో ఉత్తరువిచ్చి, 2025 జనవరి 2 మొదలు ఐదుదినముల హాజరు కోరినది. అయితే కొన్ని నగరములలో కుర్చీలు చాలక గడువును పొడిగింపవలసి వచ్చినది. రమ్మని పిలిచి పీట లేదనుట మనయింట నైనచో బంధువులు జన్మాంతమువరకు చెప్పుకొందురు.

మన కంపెనీల యుద్దేశము గూడ నిదేయని మేమనము. 2022-23 లో టాటా కంపెనీని నూటికి ఇరువదిమంది లెక్కను విడిచిపోయిరి; అప్పుడు బయట గిరాకి మెండు, పోయినవారిలో పెక్కురు హెచ్చు జీతమునకై పోయిరి. కాని ఫలితము నాలోచింపుడు. ఉద్యోగిని కంపెనీయే తొలగించినచో, పనిచేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము పరిహారముగా నీయవలెనను సూత్రము 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము నుండి మన దేశమున గలదు. కంప్యూటరు ఉద్యోగి యా చట్టమున కార్మికుడగునా కాదా యను వివాద మొకవైపున నున్నను, తొలగింపు అను మాటకు ఒక విలువ యున్నది. రాజీనామాకు ఏ విలువయు లేదు. పైగా మూడు మాసముల నోటీసు పనిచేసి పొమ్మందురు. ఐదేండ్లు నిండకముందే పోయినచో గ్రాట్యుటీయు దక్కదు. 2025 జూలైలో ఆ కంపెనీయే సుమారు 12,000 మందిని తొలగింతుమని ప్రకటించినప్పుడు దేశమెల్ల గగ్గోలైనది, ఉద్యోగ సంఘములు కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదులు పంపినవి. ఆజ్ఞకు తాళలేక ఒక్కొక్కరుగా పోయినవారికై ఎవ్వరును అరువలేదు.

యాజమాన్యముల వాదమునందు పస లేకపోలేదు. క్రొత్తగా చేరిన పిల్లవాడు పెద్దవారి ప్రక్కన కూర్చుండి నేర్చుకొనునది తెర మీద నేర్చుకొనలేడు. కరణీకపు లెక్కలు తండ్రి ప్రక్కన చాపమీద కూర్చుండి నేర్చినవారి మనుమలకు ఈ సంగతి వేరుగ జెప్పనేల? ఇంటనుండి ఒకే కాలమున రెండు కంపెనీల పనిచేసిన ఘనులును గలరు. విప్రో 2022 లో అట్టివారిని 300 మందిని పంపివేసినది. అయినను దీనికి మధ్యేమార్గమున్నదని పరీక్షించి చూచినవారున్నారు. నికొలస్ బ్లూము అను ఆర్థికశాస్త్రజ్ఞుడు తన సహచరులతో చైనాలోని ట్రిప్ డాట్ కామ్ కంపెనీయందు 1,600 మందికి పైబడిన ఉద్యోగులపై చేసిన పరిశీలనము 2024 లో ప్రకటింపబడినది. వారమునకు రెండు దినములు ఇంటనుండి పనిచేసినవారి పనితనము తగ్గలేదు, పదోన్నతులు తగ్గలేదు. కొలువు విడుచువారు మాత్రము మూడవవంతు తగ్గిరి. ఆ తగ్గుదల స్త్రీలలోను, దూరమునుండి వచ్చువారిలోను హెచ్చుగా గానవచ్చినది. ఇన్ఫోసిస్ నెలకు పది దినముల హాజరుతో తృప్తిపడినది. ఆ కంపెనీయు కూలిపోలేదు.

రాజీనామా యను మాటకు మన జిల్లాలలో నొక చరిత్ర కలదు. 1921-22 లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వమున పన్నుల నిరాకరణము సాగినప్పుడు గ్రామోద్యోగులు కూడబలుకుకొని రాజీనామాలిచ్చిరి. దొరతనము కొంతకాలము వసూలు చేయు చేతులు లేక తడుముకొన్నది. ఆ రాజీనామాలు పదిమంది యెదుట ఇచ్చినవి, కారణము చెప్పి యిచ్చినవి. నేటి రాజీనామా అర్ధరాత్రి కంప్యూటరు మీద ఒక మీట నొక్కి యిచ్చునది. "సొంత కారణములు" అని వ్రాయుమని హితులే సలహా చెప్పుదురు, పై కంపెనీలో పేరు చెడునను భయముచేత. అందువలన అసలు కారణము కాగితముమీదికి రాదు. రానిదానికి లెక్క లేదు, లెక్క లేనిదానికి ప్రభుత్వము జవాబు చెప్పనక్కరలేదు.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 2025 ఫిబ్రవరిలో, ముఖ్యముగా స్త్రీలకొరకు, ఇంటనుండి పనిచేయు పద్ధతిని విస్తారముగా ప్రోత్సహింతుమని ప్రకటించి, పట్టణములలోను పల్లెలకు చేరువలోను పనిగదుల నేర్పరచుటకు పూనుకొనిరి. మంచిదే. అయితే తణుకుననో ప్రొద్దుటూరుననో చక్కని గది కట్టి, గాలియంత్రము బిగించి, తీగ తెచ్చి తగిలించిన పిమ్మట, అందు కూర్చుండుటకు హైదరాబాదు యజమాని సెలవీయనిచో ఆ గది ఎవరికి? గదులకు భూమియు రాయితీయు ఇచ్చునప్పుడు కంపెనీలతో ఒక షరతు వ్రాయించుకొనవలెను. ఇంటనుండి పనికి ఒకసారి యంగీకరించిన పిమ్మట దానిని రద్దుచేయుటకు కనీసము ఆరుమాసముల గడువు నీయవలెను. ఆ గడువులోపల రాలేక పోవువారిని తొలగింపబడినవారిగనే లెక్కింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2020 డిసెంబరు 31 వ తేదీన సేవారంగమునకై ప్రకటించిన నమూనా నిబంధనల ముసాయిదాలో, ఇంటినుండి పనిని నియామకపు షరతులకో ఉభయుల యొడంబడికకో లోబరచి యంగీకరించినది. ఉభయుల యొడంబడిక యనినప్పుడు, ఒక్కరే దానిని రద్దుచేయరాదను మాటను గూడ ఆ చోటనే చేర్చుటకు అడ్డమేమి?

మరియొకటి. సెబి నియమములను బట్టి పెద్ద కంపెనీలు వెయ్యి, ఏటేట విడిచిపోయిన ఉద్యోగుల లెక్కను స్త్రీలను పురుషులను వేరుపరచి ప్రచురింపవలెను. ప్రచురించుచునే యున్నవి. ఆ పట్టికలో ఇంకొక గడి గీయించుట సెబికి కష్టము కాదు: హాజరు ఆజ్ఞ వెలువడిన ఆరుమాసములలో పోయినవారెందరు? వచ్చు వార్షిక సభలో వాటాలు గల మా పాఠకులు లేచి యీ ప్రశ్న నడుగవచ్చును.